గురి తప్పని బాణం

మీరు అడిగింది ఇదీ: "ఎం.ఏ. సెమినార్ కోసం. సాహిత్యం మనిషి పొరపాట్లని ఎలా చూపించింది? దుర్మార్గుల కథలు వద్దు, మంచివాళ్లూ తెలివైనవాళ్లూ తప్పు చేసిన కథలు కావాలి. వేమన పద్యంతో మొదలుపెట్టొచ్చా?"

వేమనతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెడతారు. పైగా "తప్పులెన్నువారు తండోపతండంబు" అన్న పద్యం తప్పు చేసినవాడి గురించి కాదు, ఆ తప్పుల్ని లెక్కపెట్టేవాడి గురించి. మీకు కావలసింది మొదటివాడు.

నా సంగతి ఒక్క ముక్క చెప్పి విషయంలోకి వస్తాను. గుంటూరులో ముప్ఫై ఏళ్ల పైన కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పాను. జీతం చాలక సెలవుల్లో, శనాదివారాల్లో రైలెక్కి విజయవాడ వెళ్లి ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. తప్పుల గురించి నాకు తెలిసినదాంట్లో సగం క్లాసు రూములో తెలిసింది, మిగతా సగం ఏలూరు రోడ్డు పక్క సందుల్లో సీసపు అక్షరాల మధ్య తెలిసింది. రెండో సగమే ఎక్కువ పనికొచ్చింది.

ముందు మాటల దగ్గర కాసేపు ఆగుదాం. తెలుగులో తప్పు చేస్తాం, పొరపాటు పడతాం, ఏమరుపాటున ఉంటాం. మూడు క్రియల్లోనే తేడా అంతా ఉంది. మొదటిదాంట్లో కర్తని నేనే. రెండోదాంట్లో నేను కూడా గోతిలో పడ్డవాణ్ణే. ఎవరైనా "పొరపాటు జరిగిందండీ" అన్నారంటే వాక్యంలోంచి కర్తని మెల్లగా పక్కకి తప్పించారని అర్థం. ఇక "తప్పు" అన్న మాట చూడండి. గురి తప్పింది, దారి తప్పాడు, మాట తప్పాడు, తిరనాళ్లలో పిల్లాడు తప్పిపోయాడు. చేరాల్సిన చోటికి చేరకపోవడమే తప్పు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం 13వ అధ్యాయంలో విషాద నాటకానికి ఎలాంటి నాయకుడు కావాలో చెబుతూ, మరీ పుణ్యాత్ముడూ కాదు, దుర్మార్గుడూ కాదు, ఒక "హమార్తియా" వల్ల పడిపోయేవాడు అంటాడు. ఆ గ్రీకు మాటకి మూలం కూడా ఈటె గానీ బాణం గానీ గురి తప్పడమే. మన మాటా వాళ్ల మాటా ఒకేచోట కలిశాయి. సెమినార్‌లో ఇది చెప్తే మీ గైడు తల ఊపుతారు.

కానీ తల ఊపించుకుని అక్కడ ఆగిపోకండి. ఎందుకంటే మన దగ్గర గురి తప్పని బాణం కథ ఒకటుంది. నా లెక్కలో ఈ విషయం మీద అంతకన్నా పెద్ద కథ లేదు.

అది దశరథుడి కథ. శ్రవణకుమారుడి కథగా మనందరికీ చిన్నప్పుడే తెలుసు. వాల్మీకి ఆ కుర్రాడికి పేరు పెట్టలేదు, అది వేరే సంగతి. కథ తెలుసు కాబట్టే దాన్ని చదవం. అయోధ్యాకాండలో 63, 64 సర్గలు తీయండి. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి. అర్ధరాత్రి. దశరథుడు కౌసల్యకి ఎప్పటిదో తన పాత పని చెప్పుకుంటాడు. అప్పటికి నీకు పెళ్లి కాలేదు, నేను యువరాజుని అంటాడు. వానాకాలం, సరయూ తీరం, చీకటి. నీళ్లు తాగడానికి వచ్చే మృగం కోసం మాటు వేశాడు. కుండలోకి నీళ్లు వెళ్తున్న బుడబుడ శబ్దం విన్నాడు. ఏనుగు అనుకున్నాడు. కొట్టాడు. "అయ్యో" అని మనిషి గొంతు వినపడింది.

ఇక్కడ చూడండి. బాణం గురి తప్పలేదు. చీకట్లో, కంటికి కనపడని లక్ష్యాన్ని, చప్పుడు మీద కొట్టి తగిలించాడు. శబ్దభేది విద్యలో లోపం లేదు. ఆ విద్య ఉన్నవాడని అందరూ పొగిడేవారని, ఆ పేరే తన చేత ఈ పాపం చేయించిందని ఆయనే ఒప్పుకుంటాడు. చేతగానివాడు అయితే బాణం ఏ చెట్టుకో తగిలేది, కుర్రాడు బతికేవాడు. చెవికి వినపడిన చప్పుడు నిజం, చెయ్యి నిజం, మధ్యలో "ఇది ఏనుగు" అన్న తీర్మానం ఒక్కటే అబద్ధం. ఆ తీర్మానం జరిగినట్టు ఆయనకే తెలియదు. అంత అలవాటైపోయిన పని కాబట్టి.

తర్వాత జరిగేది ఇంకా బాధగా ఉంటుంది. చచ్చిపోతున్న కుర్రాడు చంపినవాడికి ధైర్యం చెబుతాడు. నేను బ్రాహ్మణుణ్ణి కాదు, బ్రహ్మహత్య అంటుకుంటుందని భయపడకు, ఈ కాలిబాటనే వెళ్లి మా నాన్నకి చెప్పు, ముందు ఈ బాణం పీకు అంటాడు. గుడ్డి తండ్రి ఏమంటాడో తెలుసా? ఈ పని చేశానని నీ అంతట నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేది అంటాడు. తెలియక చేశావు కాబట్టి బతికి ఉన్నావు అని కూడా అంటాడు. శాపం మాత్రం ఆపడు. తెలియక చేసినదానికి శిక్ష తగ్గుతుంది, ఫలితం తగ్గదు. మన కోర్టులూ దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయి, కానీ అది వకీళ్లు చెప్పాల్సిన విషయం.

ఈ కథ మొదలుపెట్టే ముందే, 63వ సర్గలో, దశరథుడు ఒక పోలిక చెబుతాడు. మామిడి తోపు నరికేసి, ఎర్రటి పూలు చూసి మోదుగచెట్లకి నీళ్లు పోసి, కాయలు వచ్చే కాలంలో ఏడ్చేవాడిలా ఉన్నాను అంటాడు. మోదుగ తెలిసినవాళ్లకి ఇది వెంటనే గుచ్చుకుంటుంది. ఆ పూలు నిజంగానే అందంగా ఉంటాయి. ఆయన కన్ను ఆయన్ని మోసం చెయ్యలేదు. కాయ సంగతి ఎవరూ ముందు చూడరు.

నాకు ఈ కథ ప్రెస్సులో అర్థమైంది. ఒక పెద్దాయన, రిటైరైన మాస్టారు, పోయిన భార్య జ్ఞాపకంగా పద్యాల పుస్తకం వేయించుకున్నారు. ఐదు వందల కాపీలు. అంకితం పేజీలో ఆయన రాసింది: "ఆమె లేని లోటు నాకు తీరనిది." అచ్చయింది: "ఆమె లేని లోటు నాకు తీరినది." ర మీద గుడి పడింది, న మీద గుడి పోయింది. అంతే తేడా. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నాకు "తీరనిది" అనే కనపడింది. అలాంటి పుస్తకంలో అలాంటి చోట ఇంకో మాట ఉండదని నా కంటికి తెలుసు కాబట్టి అది అక్షరాలు చూడటం మానేసింది. కొత్తగా చేరిన కుర్రాడు అయితే కూడబలుక్కుని చదివి పట్టుకునేవాడు. అనుభవం ఉన్న కన్ను కాబట్టి తప్పింది. ఆవిష్కరణ సభలో రెండు వందల కాపీలు పంచేశాక, బంధువులెవరో "మాస్టారు మళ్లీ పెళ్లి చేసుకున్నారా ఏమిటి" అని అడిగితే బయటపడింది.

నేను టెన్షన్‌తో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన పుస్తకం తీసి, ఆ వాక్యం చూసి, కాసేపు ఊరుకుని, "మూడుసార్లు చదివిన మీకే తీరనిది అని కనపడింది కదా, చదివేవాళ్లకీ అలాగే కనపడుతుంది లెండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట విన్నాక సరయూ ఒడ్డున ఆ కుర్రాడు చంపినవాణ్ణి ఎందుకు ఓదార్చాడో, అది శాపం కన్నా ఎంత బరువైన సంగతో తెలిసింది.

సరే. మీకు రెండో ఉదాహరణగా శకుంతల కథ ఇస్తాను. ఇది పోల్చి చూపించడానికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఒకే కథలో ఒక కవి తప్పుని మనిషి మీద ఉంచాడు, ఇంకో కవి తీసేశాడు. నన్నయ ఆదిపర్వంలో దుష్యంతుడికి అంతా గుర్తుంది. కొడుకుని వెంటబెట్టుకుని సభకి వచ్చిన శకుంతలని చూసి, తెలిసీ తెలియనట్టు, నువ్వెవరో నాకు తెలియదంటాడు. "నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె" అని బడిలో కంఠస్థం చేయించిన పద్యం అక్కడిదే. మార్కుల కోసం నేర్చుకున్నాం గానీ, అది భార్య నిండు సభలో మొగుడితో అబద్ధం ఆడొద్దని చెబుతున్న మాట అని ఎంతమందికి గుర్తుంది? ఆకాశవాణి పలికాక, ఈ పెళ్లి మా ఇద్దరికి తప్ప లోకానికి తెలియదు, లోకం ఏమంటుందో అని భయపడ్డాను అని ఆయన ఒప్పుకుంటాడు.

కాళిదాసు ఇదే కథకి దుర్వాసుడి శాపం తెచ్చాడు, ఉంగరం తెచ్చాడు, దాన్ని మింగిన చేపని తెచ్చాడు. దాంతో రాజు అబద్ధాలకోరు కాడు, మరపు కమ్మినవాడు. నాటకం గొప్పది, కాదనను. ఆరో అంకంలో ఉంగరం చూసి అంతా గుర్తొచ్చి, ఆమె బొమ్మ గీసుకుంటూ కుమిలిపోయే రాజు దగ్గర ఎవరి మనసైనా కరుగుతుంది. కానీ మీ ప్రశ్న పొరపాటు గురించి కాబట్టి చెబుతున్నాను, నన్నయ రాజే నాకు దగ్గరవాడు. మనకి శాపాలు లేవు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మాత్రం గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులోనూ ఉంది, విజయవాడ గవర్నర్‌పేటలోనూ ఉంది. (ఉంగరాలు పోగొట్టుకోవడం సంస్కృత నాటకాలకి కలిసొచ్చిన వ్యవహారం. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో కూడా మంత్రి రాక్షసుడి ముద్ర ఉన్న ఉంగరం చాణక్యుడి చేతిలో పడ్డాకే కథ నడుస్తుంది. అచ్చుతప్పుని మనం ముద్రారాక్షసం అంటున్నాం. ఆ పేరు మొదట పెట్టినవాడెవడో గానీ నా వృత్తి కష్టం తెలిసినవాడే.)

ఇక ధర్మరాజు. ఇక్కడ నా వాదం కొంచెం తడబడుతుందని ముందే ఒప్పుకుంటాను. దశరథుణ్ణి ముంచింది వచ్చిన విద్య. ధర్మరాజుకి జూదం రాదు, ఇష్టం మాత్రం ఉంది. ఆ మాట శకునే అంటాడు. కానీ పిలిస్తే వెళ్లకపోవడం ధర్మం కాదనుకుని వెళ్లాడు చూడండి, అక్కడ మళ్లీ ఆయన బలమే ఆయన్ని లాక్కెళ్లింది. రెండోసారి పిలిచినప్పుడు సంగతి ఇంకా ఘోరం. తమ్ముళ్లనీ, తననీ, ద్రౌపదినీ ఓడి, ధృతరాష్ట్రుడి పుణ్యాన అన్నీ తిరిగి వచ్చాక, దారి మధ్యలో కబురొస్తే మళ్లీ వెళ్లాడు. మొదటి ఆటని పొరపాటు అనొచ్చు. రెండోదాన్ని ఏమనాలో మీరే తేల్చుకోండి. సెమినార్‌లో చర్చ లేవాలంటే ఈ ప్రశ్న వదలండి చాలు.

అందరూ సభాపర్వం దగ్గర ఆగిపోతారు. మీరు విరాటపర్వానికి వెళ్లండి. తిక్కన రాసింది. (తిక్కన తాత మంత్రి భాస్కరుణ్ణి గుంటూరు విభుడని ఆయనే చెప్పుకున్నాడు, కాబట్టి మాకు ఆయన మీద కొంచెం హక్కుంది.) అజ్ఞాతవాసంలో ధర్మరాజు ఏ వేషం వేశాడు? కంకుభట్టు. ఏ పని? విరాటరాజుకి జూదంలో తోడు. అరణ్యపర్వంలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్పాక ఇప్పుడు ఆట బాగా వచ్చు. ఏ తప్పు వల్ల అడవుల పాలయ్యాడో ఆ తప్పే ఇప్పుడు కూడు పెడుతోంది. చివర్లో ఉత్తరుడు గెలిచాడని విరాటుడు మురిసిపోతుంటే, బృహన్నల తోడుండగా గెలవకేం అన్నందుకు రాజుకి కోపమొచ్చి పాచికలు ఎత్తి ముఖాన కొడతాడు. రక్తం వస్తుంది. అది నేల మీద పడకుండా ద్రౌపది ఒక గిన్నెలో పట్టుకుంటుంది. పదమూడేళ్ల కిందట ఎవరిని పాచికల మీద ఒడ్డాడో, ఆమే ఇప్పుడు అదే పాచికల దెబ్బకి కారిన ఆయన నెత్తుర్ని పట్టుకుంటోంది. ఒక్క నిష్ఠూరం మాట లేదు. వ్యాసుడు గానీ తిక్కన గానీ "చూశారా" అని మన భుజం తట్టరు. పాఠం చెప్పిన ముప్ఫై ఏళ్లలో ఈ సంగతి నాకు పదేళ్లకి గానీ తట్టలేదు.

పాచికల బదులు కోడిపుంజు పెడితే పల్నాడు కథ అవుతుంది. బ్రహ్మనాయుడు తెలివిలో ఎవరికీ తీసిపోడు, కోడిపందెంలో ఓడి ఏడేళ్లు వలస పోయాడు. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద చదవండి. వీలైతే కార్తీకంలో కారంపూడి ఉత్సవాలకి వెళ్లి అక్కడ పాడేవాళ్ల నోట వినండి. పుస్తకంలో నాగమ్మ కుట్ర ఎక్కువ కనపడుతుంది, పాటలో నాయుడి పంతం ఎక్కువ వినపడుతుంది.

ఆధునికుల్లో గురజాడ నుంచి రెండు తీసుకోండి. గిరీశం ఆఖర్న "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు. నవ్వేసి పుస్తకం మూసేస్తాం. కానీ ఆ వాక్యంలో కర్త ఎవరు? కథ. నేను కాదు. తన తప్పు తనకి అంటకుండా కథ మీదకి నెట్టేసిన మొదటి తెలుగు పాత్ర అతనే అయ్యుంటాడు. రెండోది 1910లో వచ్చిన "దిద్దుబాటు". సానిపాటకి పోయి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని ఉత్తరం రాసి పెట్టి, మంచం కింద దాక్కుని, అతని చేత చెంపలేయించుకుంటుంది. కథ ముచ్చటగా ఉంటుంది గానీ, అంత సులువుగా దిద్దుబాటు అయిపోవడం మీద నాకు అనుమానమే. ఆ మొగుడు వచ్చే నెల ఏం చేశాడో గురజాడ చెప్పలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ నవల "మాలపల్లి"ని ఈ జాబితాలో చేర్చమని ఎవరైనా చెప్తే వినకండి. ఆసామి చౌదరయ్య కోపం పట్టలేక మాలపల్లి కుర్రాడు సంగదాసుని కొట్టి చంపాడు. దాన్ని క్షణికమైన పొరపాటు అనడం సంగదాసుకి అన్యాయం, ఉన్నవ వారికి కూడా. పొరపాటు అనే మాట ఎంత దూరం సాగదీయొచ్చో తెలియాలంటే దాన్ని ఒక హద్దు రాయిగా పెట్టుకోండి, అంతవరకే.

త్రిపురనేని గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" (1947) మాత్రం వదలకూడదు. తెనాలిలో పెరిగిన మనిషి రాసిన పుస్తకం. సీతారామారావు పెద్ద తప్పు ఒక్కటి కూడా చెయ్యడు. వంశ గౌరవం నిలబెట్టాలని ఆస్తి కరగదీస్తాడు, పోయాక లోకాన్ని తిడతాడు, ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకుంటాడు, ప్రతిదానికీ అతని దగ్గర ఒక వాదన సిద్ధంగా ఉంటుంది. ప్రశ్నించడం నేర్పిన తండ్రికి ఈ పుస్తకాన్ని అంకితమిచ్చాడు గోపీచంద్. ఆ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి, హేతువాది. మరి ఆ కొడుకు రాసిన పుస్తకంలో వాదించే తెలివే మనిషిని శ్మశానం దాకా తీసుకెళ్లి చంపుతుంది. నేను మొదటిసారి చదివినప్పుడు ఇరవై ఏళ్లవాణ్ణి, వాడి మీద చిరాకేసింది. యాభై దాటాక చదివితే కొన్ని పేజీల్లో నా గొంతే వినపడి పుస్తకం పక్కన పెట్టాను. అందులో ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పాలి. చివరి భాగంలో రచయిత వాడి మనసుని మరీ విప్పి చెప్పేస్తాడు. తిక్కన అయితే ఒక గిన్నెలో పట్టిన నెత్తురు చూపించి ఊరుకునేవాడు.

బయటి సాహిత్యం నుంచి రెండు చాలు. సోఫోక్లిస్ ఈడిపస్ పొడుపుకథ విప్పడంలో మొనగాడు. ఆ నేర్పుతోనే ఊరికి పట్టిన పీడకి కారకుడెవడో వెతుక్కుంటూ వెళ్లి తన దగ్గరికే చేరతాడు. మన దశరథుడికి దూరపు చుట్టం. రెండోది కజువో ఇషిగురో 1989 నవల "ద రిమెయిన్స్ ఆఫ్ ద డే". స్టీవెన్స్ ఒక దొర ఇంట్లో బట్లరు. విధేయత అతని విద్య. ఏళ్ల తరబడి కొలిచిన దొర నాజీలకి వత్తాసు పలికినవాడని తేలాక, ముసలితనంలో సముద్రం ఒడ్డున ఒక అపరిచితుడితో, ఆయన తప్పులు కనీసం ఆయనవి, నావి నావని చెప్పుకోవడానికి కూడా లేదు అన్న అర్థంలో ఒక మాట అని ఏడుస్తాడు. సొంత తప్పు కూడా లేకపోవడం ఎంత పేదరికమో ఇంకెవరూ ఇలా చెప్పలేదు. ఇంగ్లీషులో చదవగలిగితే తప్పక చదవండి, భాష తేలికే.

మీకు టైము తక్కువ ఉందంటే ఆ రెండు సర్గలు, శకుంతలోపాఖ్యానం, విరాటపర్వంలో పాచికల ఘట్టం, గోపీచంద్, అంతే. పద్యాలకి చవక ముద్రణలు కొనకండి, ముద్రారాక్షసాలు ఎక్కువ, అర్థం తలకిందులవుతుంది. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్తే అన్నీ ఒకేచోట దొరకొచ్చు.

ఆ పద్యాల పుస్తకం సంగతి మిగిలింది. పంచని మూడు వందల కాపీలు నేనే రెండు సాయంత్రాలు ప్రెస్సులో కూర్చుని నల్ల ఇంకు పెన్నుతో దిద్దాను. ర మీద గుడి చెరిపి, న మీద గుడి పెట్టి. పాత పుస్తకాల కొట్లు తిరిగే అలవాటు మీకుంటే ఎప్పుడైనా కనపడొచ్చు. దిద్దిన కాపీ అయితే ఆ చేతిరాత నాది. దిద్దనిది దొరికితే ఒక్క మాట చెప్పండి, పెన్ను తీసుకుని వస్తాను.